ముందు పని ఎవరు చేస్తున్నరో చూడు

బిడ్డా,

నువ్వు పంపిన థీసిస్ చాప్టర్ రాత్రి కూసొని మొత్తం చదివిన. కష్టపడ్డవ్, కనిపిస్తనే ఉంది, కానీ పన్నెండు పేజీల దాకా కథే రాలే, సైన్స్ ఫిక్షన్ మీద థియరీ రాసిన సువిన్ ఇట్లన్నడు జేమ్సన్ అట్లన్నడు అనుకుంటనే పోయినవ్, పాపం 'టైమ్ మెషిన్' నవల రాసిన వెల్స్‌ని గడప బయటే నిలబెట్టినవ్. నీ వయసుల నేనూ గిదే చేసిన, మా గైడ్ చదవకుండనే బాగుందన్నడు, ఆ బాగుంది అన్నదే నా కొంప ముంచింది.

థియరీ పుస్తకాలు వారం రోజులు అటక మీద పెట్టు. 'టైమ్ మెషిన్' మళ్ళా చదువు, ఈసారి ఒక్కటే చూడు, పని చేసేదెవరు, తినేదెవరు. కథల ఒకాయన టైమ్ మిషన్ ఎక్కి 802701వ సంవత్సరానికి పోతడు, ఆడ నేల పైన ఎలోయ్‌లు అనేటోళ్ళు పండ్లు తింటరు, కింద చీకట్ల మోర్లాక్‌లు అనేటోళ్ళు మిషన్లు నడుపుతరు, ఇది అందరూ రాస్తరు. నువ్వు వాచెట్‌ని చూడు, ఆయన ఇంట్ల పని చూసే ఆమె. ఆయన మిషన్ నడపంగనే ఆమె ల్యాబ్‌ల నుంచి రాకెట్ లెక్క దూసుకపోయినట్టు కనిపిస్తది, వాపస్ వచ్చేటప్పుడేమో వెనక్కి నడుసుకుంట పోతది, అంతే, ఒక్క మాట మాట్లాడదు. తినేటప్పుడు పనోళ్ళు ఎదురుంగ నిలబడుడు ఆయనకి నచ్చదని కూడా రాసిండు వెల్స్, నన్నడిగితే మోర్లాక్‌ల బావి తవ్వుడు ఆడనే మొదలైంది. వెల్స్ వాళ్ళమ్మ అప్పార్క్ అనే బంగ్లాల హౌస్‌కీపర్, ఆడ పనోళ్ళు తిరగనీకి భూమి కింద సొరంగాలు ఉండేవి. ఇది రాసినంక సువిన్‌ని పిలువు, 1979 పుస్తకంల ఆయన చెప్పిన ఎస్ట్రేంజ్‌మెంట్, అంటే తెలిసినదాన్నే తెల్వనట్టు చూపించుడు, అప్పుడు ఆ మాటకి పనుంటది.

ఇంకోటి, ఎలోయ్‌లని చూసి ఆ మిషన్ ఎక్కినాయన ముందుగాల కమ్యూనిజం అనుకుంటడు, తర్వాత తప్పని దిద్దుకుంటడు. అది వదలకు, నీ థియరీ కూడా అట్లనే తప్పయ్యే ఛాన్స్ ఉంచుకో.

రెండో చాప్టర్‌ల చెక్ రచయిత చాపెక్ నాటకం 'ఆర్.యు.ఆర్.' పెట్టినవ్ కదా, 1920ది. ఆ నాటకంల రోబో అన్న మాట చెక్ భాషల రొబోటా నుంచి వచ్చింది, దాన్ని నువ్వు ఫోర్స్‌డ్ లేబర్ అని రాసి పోయినవ్. మీ తాత చిన్నప్పుడు దొర గడీల ఏం జేసిండో తెల్వదా నీకు? కొట్టేసి వెట్టి అని రాయి, ఇంగ్లిష్ థీసిస్ అయితే ఏంది, కింద ఫుట్‌నోట్ పెట్టు.

ఆదివారం ఫోన్ చెయ్యి, మూడో చాప్టర్ అప్పుడు మాట్లాడుదం.

మీ పెద్దమ్మ