సైన్స్ విద్యార్థికి విదేశంలో మాస్టర్సా, నేరుగా పీహెచ్‌డీయా?

రసాయనశాస్త్రంలో నాలుగేళ్ళ డిగ్రీ పూర్తిచేయబోతున్న మీరు, అమెరికాలో ముందు మాస్టర్స్ చేసి ఆ తరువాత పీహెచ్‌డీ సంగతి ఆలోచించాలా, లేక ఇప్పుడే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయాలా అని అడిగారు. నేను అక్కడ ఇదే శాస్త్రంలో థీసిస్‌తో కూడిన మాస్టర్స్ చేసి, ఆపైన మరో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తిచేశాను. ఇప్పటికే ఏదో ఒక ల్యాబ్‌లో కొన్ని నెలలపాటు పరిశోధన చేసి, ఆ పని మీ మనసుకు పట్టి ఉంటే నేరుగా పీహెచ్‌డీకే దరఖాస్తు చేయండి. ఆ అనుభవం ఇంకా లేకపోతే, ముందు దాన్ని సంపాదించుకోండి. అందుకు మాస్టర్స్ ఒక మార్గం మాత్రమే, ఏడాదిపాటు ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా పనిచేయడం కూడా అంతే బాగా ఉపయోగపడుతుంది.

మాస్టర్స్ రెండేళ్ళలో అయిపోతుంది కాబట్టి అదే తక్కువ భారమని చాలామంది అనుకుంటారు. అమెరికాలో సైన్స్ చదువుల విషయంలో ఈ లెక్క తరచు తలకిందులవుతుంది. పీహెచ్‌డీలో చేరినవారికి సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది, బోధనలోనో పరిశోధనలోనో సహాయకులుగా పనిచేసినందుకు స్టైపెండ్ వస్తుంది; మాస్టర్స్ ఖర్చు మాత్రం ఎక్కువ చోట్ల విద్యార్థే భరించాలి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, కాబట్టి ఆ ఫీజును అక్కడే సంపాదించుకోవచ్చన్న ఆశ పెట్టుకోకండి. పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఫెలోషిప్ లాంటివి అక్కడి పౌరులకూ శాశ్వత నివాసులకూ పరిమితం. అందువల్ల మన స్టైపెండ్ చాలావరకు డిపార్ట్‌మెంట్ నుంచో, ప్రొఫెసర్ చేతిలోని గ్రాంటు నుంచో రావాలి.

అయితే ఫీజు ఉండదు కదా అని పీహెచ్‌డీలో చేరి, మధ్యలో మాస్టర్స్ పట్టా తీసుకుని బయటపడదామనే ఆలోచనను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. మిమ్మల్ని నమ్మి గ్రాంటు ఖర్చుపెట్టే గైడ్‌కు అది అన్యాయం, మీకు రాయవలసిన సిఫారసు లేఖల మీద కూడా దాని ప్రభావం పడుతుంది. మనస్ఫూర్తిగా చేరినవాళ్ళు దారి మార్చుకోవడం వేరే విషయం. నాతోపాటు చేరిన ఒక మిత్రుడు పీహెచ్‌డీ కొనసాగించడానికి అర్హత తేల్చే క్వాలిఫయింగ్ పరీక్ష నెగ్గాక, ఈ జీవితం తనది కాదని గైడ్‌తో నేరుగా చెప్పి, మాస్టర్స్‌తో వెళ్ళి ఒక విశ్లేషణ ల్యాబ్‌లో చేరాడు. ఈనాటికీ ఆ నిర్ణయం పట్ల సంతోషంగానే ఉన్నాడు.

అతనికి సరిపడనిదీ నాకు నచ్చినదీ ఒకటే: పీహెచ్‌డీలో రోజువారీ పని తీరు. మాస్టర్స్‌లో మా ప్రొఫెసర్ సమస్యను ముందే మలిచి ఇచ్చారు, ఎప్పటికి పూర్తికావాలో కూడా తెలుసు. పీహెచ్‌డీలో తొలి ఏడాదిన్నర, రెండేళ్ళు కోర్సులు, బోధన, పరీక్షలతో గడిచిపోతాయి. ఆ తరువాతి మూడు, నాలుగేళ్ళే అసలు పరీక్ష. ఒక ఉత్ప్రేరకంతో వచ్చిన మంచి ఫలితం మళ్ళీ రాకపోయేసరికి, కారణం లోహంలో ఉన్న మాలిన్యమా, ద్రావణిలో చేరిన తేమా అని తేల్చడానికే నాకు నెలలు పట్టింది. తరువాత ఏ ప్రయోగం చేయాలో చెప్పగలిగినవారు ఎవరూ లేరు, ఎందుకంటే ఆ ప్రశ్న అప్పటికి నా ఒక్కడిదే. అలాంటి నెలల్లో కూడా పొద్దున్నే ల్యాబ్‌కు వెళ్ళాలనిపించేవారికి పీహెచ్‌డీ తగిన చదువు. ఉద్యోగమే లక్ష్యమైతే అన్నేళ్ళు వెచ్చించవలసిన అవసరం లేదు: ఔషధ పరిశ్రమలో నాణ్యతా పరీక్షలకూ విశ్లేషణకూ మాస్టర్స్ చాలు, కానీ పరిశోధన దిశను నిర్ణయించే స్థానాలకు సాధారణంగా పీహెచ్‌డీనే అడుగుతారు.

వీసా గురించి క్లుప్తంగా చెబుతాను. చదువు ముగిశాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే తన రంగంలో పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) కింద 12 నెలలు, సైన్స్ పట్టా ఉంటే అదనంగా 24 నెలలు పనిచేయవచ్చు. ఇది మాస్టర్స్‌కూ పీహెచ్‌డీకీ సమానమే. ఆ తరువాత కావలసిన ఉద్యోగ వీసా హెచ్-1బీలో సాధారణ కోటా ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకంటే పై పట్టా పొందినవారికి మరో 20,000. విశ్వవిద్యాలయాల ఉద్యోగాలకు ఈ పరిమితి వర్తించదు, కాబట్టి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేసేవారికి కొంత వెసులుబాటు ఉంటుంది. ఈ నియమాలు మారుతుంటాయి గనుక దరఖాస్తు సమయంలో అధికారిక ప్రకటనలు చూసుకోండి.

ఒక్క అమెరికానే దృష్టిలో పెట్టుకుని నిర్ణయించకండి. జర్మనీలో డాక్టరేట్‌కు ముందు మాస్టర్స్ ఉండడం రివాజు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, సైన్స్‌లో డాక్టరేట్ చేసేవారిలో చాలామంది జీతం ఉన్న ఉద్యోగ ఒప్పందం మీద పనిచేస్తారు. కెనడాలో పరిశోధనతో కూడిన మాస్టర్స్‌కు కూడా తరచు స్టైపెండ్ దొరుకుతుంది. ఇలాంటి చోట్ల ముందు మాస్టర్స్ చేయడమే తెలివైన పని.

అడ్మిషన్ వచ్చాక విశ్వవిద్యాలయం పేరు కంటే గైడ్ ఎవరన్నదే ఎక్కువగా చూడండి. స్థానిక విద్యార్థి గైడ్‌తో పొసగకపోతే కొన్నాళ్ళు చదువు ఆపి ఆలోచించుకోగలడు; మనం నమోదు కోల్పోతే స్టైపెండ్‌తోపాటు వీసా కూడా పోతుంది. అందుకని ఆ ల్యాబ్‌లో ప్రస్తుతం ఉన్న విద్యార్థులతో, వీలైతే వదిలివెళ్ళినవారితో కూడా, విడిగా మాట్లాడండి. సగటున ఎన్నేళ్ళు పడుతోంది, గ్రాంటు మధ్యలో ముగిస్తే స్టైపెండ్ ఎవరు ఇస్తారు, వేసవి నెలల సంగతేమిటి అని అడగండి. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఆర్థిక సహాయంతో ఇచ్చిన అడ్మిషన్లకు ఏప్రిల్ 15 వరకు జవాబు చెప్పే గడువు ఇస్తాయి, కాబట్టి ఈ సంభాషణలన్నీ మార్చిలోనే పూర్తిచేసుకోండి.