నాన్నగారికి యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పి) అన్నారు. ఒడిశాలోని రాయగడ నుంచి వెంటనే వైజాగ్ తీసుకెళ్లాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారికి మెట్లెక్కినా, తిన్న వెంటనే నడిచినా ఛాతీ బిగపట్టినట్టు అవుతోంది, కూర్చుంటే రెండు మూడు నిమిషాల్లో పోతోంది, ఆర్నెల్లుగా ఇదే తీరు. ఈసీజీ మామూలుగా వచ్చినా డాక్టరు మందులు రాసి, ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) చేయించమన్నారు. బంధువులేమో ఈ రాత్రికే వైజాగ్ తీసుకెళ్లి స్టెంట్ (పూడుకున్న రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేయించేయమంటున్నారు. తీరు మారనంత వరకు ఆ తొందర అక్కర్లేదు. డాక్టరు చెప్పిన గడువులో పరీక్షలు పూర్తి చేయించండి. పడుకుని ఉండగా తీసే ఈసీజీ యాంజైనా ఉన్న చాలామందికి మామూలుగానే వస్తుంది కాబట్టి దాన్ని చూసి ‘ఇది గ్యాస్’ అని కొట్టిపారేయకండి.

ముందు నాలుక కింద మాత్ర సంగతి. మనవైపు ఎక్కువగా రాసేది సార్బిట్రేట్ 5 మిల్లీగ్రాములు. నొప్పి రాగానే పని ఆపి కూర్చోవాలి. నిలబడి వేసుకుంటే బీపీ జారి కళ్లు తిరిగి పడిపోతారు. మింగకూడదు, నాలుక కింద కరగనివ్వాలి. తలపోటు రావడం మామూలే. ఐదు నిమిషాల్లో తగ్గుముఖం పట్టకపోతే 108కి ఫోన్ చేసి రెండోది, ఇంకో ఐదు నిమిషాలకు మూడోది, అంతకు మించి వద్దు. కళ్లు తిరుగుతుంటే రెండోది కూడా వద్దు. అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లో ఈ మాత్ర ప్రాణాపాయం. కొడుకుతో ఇది చెప్పలేరు, డాక్టరు విడిగా అడిగేలా చూడండి. మాత్రలు బీరువాలో కాదు, జేబులో ఉండాలి.

రోజువారీ మందుల్లో ఆస్పిరిన్ 75, అటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్), మెటోప్రొలాల్ (గుండె వేగం తగ్గించేది) లాంటివి ఉంటాయి. కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నా స్టాటిన్ మానకూడదు. అది రక్తనాళంలోని పూడిక పగలకుండా కాపాడుతుంది. మెటోప్రొలాల్ మాత్రం ఒక్కసారిగా అస్సలు ఆపొద్దు, నొప్పి ఇంకా ఎక్కువై తిరిగిరావచ్చు. నాలుక కింద మాత్ర కోవకే చెందిన ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ రోజుకు రెండుసార్లు రాస్తే రెండోది మధ్యాహ్నమే వేస్తారు, రాత్రికి కాదు. రోజులో కొన్ని గంటలు ఆ మందు లేకుండా ఉండకపోతే శరీరం అలవాటుపడి అది పనిచేయడం మానేస్తుంది.

ఎకోలో గుండె పంపింగ్ తగ్గినా, టీఎంటీలో కాసేపటికే తేడా కనిపించినా, మందులు వేసుకుంటున్నా నొప్పి వస్తూనే ఉన్నా యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లోకి రంగుమందు పంపి తీసే ఎక్స్‌రే) అంటారు. ఎక్కువగా మణికట్టు నుంచే చేస్తారు. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాట చెప్పాలి. స్టెంట్ నొప్పిని బాగా తగ్గిస్తుంది. కానీ నిలకడగా ఉన్న యాంజైనాలో మొదటే స్టెంటో బైపాసో చేసినంత మాత్రాన మరణాలు తగ్గలేదని 2020లో వచ్చిన ఇస్కీమియా అధ్యయనం 5,179 మందిలో చూపింది. ఎడమ ప్రధాన ధమనిలో పూడిక ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లను ఆ అధ్యయనంలో చేర్చలేదు.

ఇప్పుడు అసలు ప్రమాదం. కూర్చున్నా, నిద్రలోనూ నొప్పి వస్తే, మునుపటికంటే తక్కువ నడకకే వస్తే, మాత్రకు లొంగకపోతే, చెమటలు పట్టి ఎడమచేయి, దవడ లాగితే తీరు మారినట్టే. షుగరు ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం ఒక్కటే రావచ్చు. అప్పుడు మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు కారెక్కి నేరుగా వైజాగ్ బయల్దేరడం. నాలుగైదు గంటల దారిలో గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. ముందు రాయగడ జిల్లా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించండి. గుండెపోటు అని తేలితే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత మేలు, పెద్దాసుపత్రి ప్రయాణం ఆ తర్వాత. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్లు కాకపోతే 108 వచ్చేలోపు 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించండి. ఆ ఇంజెక్షన్ మీ దగ్గర ఏ ఆసుపత్రిలో ఉందో ఈ వారమే కనుక్కుని పెట్టుకోండి.

పొగాకు విషయంలో ‘బీడీ కాల్చను’ అంటే సరిపోదు. పొద్దున్నే పళ్లకు రాసుకునే గుడాకు కూడా పొగాకే, డాక్టరు అడిగినప్పుడు దాన్నీ చెప్పాలి. పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) తినొచ్చు. చిక్కంతా అందులో వేసే ఉప్పు, పక్కన పెట్టుకునే ఎండుచేప, ఊరగాయలతోనే. రోజు మొత్తానికి ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. చోడి (రాగి) అంబలి నిక్షేపంగా తాగొచ్చు. చలికాలం తెల్లారకముందు కొండగాలిలో నడక వద్దు, ఎండ పొడిచాక చదునైన దారిలో నడవమనండి.

ఖర్చు సంగతి: ఒడిశా రేషన్ కార్డు మీద ఆంధ్ర ఎన్టీఆర్ వైద్య సేవ పనిచేయదు. 2025 నుంచి ఒడిశాలో ఇస్తున్న ఆయుష్మాన్-గోపబంధు ఆరోగ్య పథకం కార్డు ఉంటే, మీరు వెళ్లబోయే వైజాగ్ ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉందో లేదో బయల్దేరకముందే ఫోన్ చేసి అడగండి. పాత ఈసీజీ కాగితాన్ని మొబైల్లో ఫొటో తీసి ఉంచండి. కొత్త ఈసీజీలో తేడా వచ్చిందా లేదా అన్నది డాక్టరు దాంతో పోల్చే చెబుతారు.