వేసవి ఫ్రాంచైజీలో నష్టం ఎవరి పద్దులో పడుతుంది?

ప్రశ్న: అమెరికాలోనే పుట్టి పెరిగి, ఇప్పుడు విశ్వవిద్యాలయంలో రెండవ సంవత్సరం చదువుతున్నాను. ఇళ్లకు రంగులు వేసే ఒక సంస్థ ప్రతినిధులు మా క్యాంపస్‌కు వచ్చి, రాబోయే వేసవిలో వారి పేరు మీద ఒక ప్రాంతంలో సొంతంగా వ్యాపారం నడుపుకొనే అవకాశం ఇస్తామన్నారు. ముందుగా రుసుము కట్టనక్కరలేదని, కిందటి వేసవిలో నాలాంటి విద్యార్థి ఒకరు 80,000 డాలర్ల వ్యాపారం చేశారని చెప్పారు. నాన్నగారు వద్దంటున్నారు గాని కారణం చెప్పలేకపోతున్నారు. ఇందులో నిజంగా ఉన్న ప్రమాదం ఏమిటి?
– ఒక పాఠకుడు, ఒహాయో

జవాబు: ఫ్రాంచైజీ అనే ఈ ఏర్పాటు కొత్తదీ కాదు, దానంతటదే మోసమూ కాదు. 1971లో కెనడాలో గ్రెగ్ క్లార్క్ అనే విద్యార్థి మొదలుపెట్టిన కాలేజ్ ప్రో ఈ పద్ధతికి ఆద్యులలో ఒకటి. ఆ తరువాత ఇదే తరహాలో మరికొన్ని సంస్థలు వచ్చాయి. ఇందులో పనిచేసి బాగుపడ్డవారు ఉన్నారు. అయితే మీ నాన్నగారి భయానికి గట్టి ఆధారమే ఉంది. ఇటువంటి ఒప్పందాలలో సంస్థ వాటా సాధారణంగా అమ్మకాల మీద లెక్కగడతారు. మీకు దక్కేది మాత్రం ఖర్చులన్నీ పోగా మిగిలినది. లాభం తగ్గినా సంస్థ వాటా తగ్గదు, నష్టం వస్తే అది మీ పద్దులోనే పడుతుంది. మిగిలిన ప్రమాదాలలో చాలావరకు ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి.

మీకు చెప్పిన 80,000 డాలర్లు ఆదాయం కాదు, అమ్మకం. రెండింటికీ ఎంత దూరం ఉందో ఒక ఇంటి లెక్క చూస్తే తెలుస్తుంది. ఈ అంకెలు కేవలం ఉదాహరణ కోసం అనుకున్నవే. ఒక ఇంటి బయటి గోడలకు 4,000 డాలర్లకు మీరు పని ఒప్పుకున్నారు. పని 80 గంటలలో అయిపోతుందని అంచనా వేసి, గంటకు 18 డాలర్ల చొప్పున కూలీ 1,440 డాలర్లు అనుకున్నారు. దాని మీద యజమానిగా మీరు చెల్లించవలసిన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను 7.65 శాతం, అంటే సుమారు 110 డాలర్లు. రంగులకు, ఇతర సామగ్రికి 600. సంస్థకు వెళ్లే రాయల్టీ, ఇతర కోతలు కలిపి అమ్మకంలో 25 శాతం అనుకుంటే 1,000. చివరికి మిగిలేది 850 డాలర్లు. ఇప్పుడు పాత రంగు పెచ్చులు అనుకున్నదానికంటే ఎక్కువగా ఊడి, గోకడానికే అదనంగా 40 గంటలు పట్టి, పని 120 గంటలకు చేరిందనుకోండి. కూలీ 2,160, పన్ను 165 అవుతాయి. సామగ్రి, రాయల్టీ మారవు. అప్పుడు మిగిలేది 75 డాలర్లు. ఇంకా పెట్రోలు, బీమా, ప్రచారం, ఆ ఇంటికి మీరు తిరిగిన వారాంతాలు ఈ లెక్కలోకి రానేలేదు. అనుభవజ్ఞుడైన మేస్త్రీ గోడను చూసి గంటలు చెప్పగలడు. అంతకు ముందెప్పుడూ కుంచె పట్టని విద్యార్థి చెప్పే గంటలు సహజంగానే తక్కువ వైపు తప్పుతాయి. పని సంపాదించుకోవాలన్న ఆత్రం ఆ తప్పును ఇంకా పెంచుతుంది.

నికర ఆదాయం ఏడాదికి 400 డాలర్లు చేరితే స్వయం ఉపాధి పన్ను కింద సుమారు 15.3 శాతం మీరే లెక్కగట్టి చెల్లించాలి. జీతంలోనుంచి ముందే కోసి కట్టే యజమాని ఇక్కడ ఎవరూ ఉండరు. ఆగస్టులో చేతిలో కనిపించిన డబ్బంతా మీదేనని ఖర్చుపెట్టేస్తే పన్ను లెక్కలు తేల్చే ఏప్రిల్‌లో ఇబ్బంది పడతారు.

పేరుకు ఇది వేసవి వ్యాపారమే గాని, పని వేసవిలో మొదలుకాదు. శిక్షణ శీతాకాలంలో ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి నుంచి ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టడం, శని ఆదివారాలలో ఎస్టిమేట్లు ఇవ్వడం, పనివాళ్లను వెతకడం ఉంటాయి. అంటే మీ వసంతకాలపు సెమిస్టరు మొత్తం దీనితో పంచుకోవాలి. ఆ గంటలకు జీతం ఉండదు. ఇక రంగులు వేయగలిగే కాలం పన్నెండు నుంచి పద్నాలుగు వారాలు మాత్రమే. జూన్‌లో రెండు వారాలు వానలు పడినా, ఇద్దరు పనివాళ్లు చెప్పాపెట్టకుండా మానేసినా ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి సమయం దొరకదు. ఏడాది పొడవునా నడిచే వ్యాపారికి చెడ్డ నెల తరువాత మరో నెల వస్తుంది, మీకు మాత్రం తరగతులు మొదలవుతాయి. సెప్టెంబరులో ఒక ఇంటి యజమాని ఫోన్ చేసి రంగు పెచ్చులూడుతోందంటే, హామీ ప్రకారం వెళ్లి సరిచేయవలసిన వ్యక్తి ఆ సమయంలో పరీక్షకు చదువుకుంటూ ఉంటాడు. ఈ విషయాన్ని మీరు చాలా తీవ్రంగా ఆలోచించాలని నా కోరిక, ఎందుకంటే పోయిన డబ్బును ఎప్పటికైనా సంపాదించుకోవచ్చు గాని దెబ్బతిన్న సెమిస్టరు మార్కుల పట్టికలో అలాగే నిలిచిపోతుంది.

మీరు పనిలోకి తీసుకునే తోటి విద్యార్థులు చట్టం దృష్టిలో సాధారణంగా మీ ఉద్యోగులు. వాళ్ల పనివేళలు, పనిచేసే తీరు మీరే నిర్ణయిస్తూ, కాగితం మీద మాత్రం స్వతంత్ర కాంట్రాక్టర్లని రాసినంత మాత్రాన వాళ్లు కాంట్రాక్టర్లు కారు. ఫెడరల్ వేతన చట్టం వర్తించే ఉద్యోగికి వారంలో 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు చెల్లించాలి. వాళ్ల జీతాలలోంచి కోసిన పన్నును ప్రభుత్వానికి కట్టకుండా రంగు డబ్బాలకు వాడుకుంటే అది చాలా పెద్ద తప్పవుతుంది. ఎల్‌ఎల్‌సీ (యజమాని సొంత బాధ్యతను పరిమితం చేసే సంస్థ) పెట్టుకున్నా ఆ బాధ్యత వ్యక్తిగతంగా మీ మీదకు రావచ్చు. మీ ఒహాయోలో పని ప్రమాదాల బీమాను మీలాంటి చిన్న యజమాని ప్రైవేటు కంపెనీలో కాక రాష్ట్ర ప్రభుత్వ బ్యూరో నుంచే తీసుకోవాలి. ఆ బీమా ఫ్రాంచైజీ ఇచ్చే సంస్థ పేరు మీద ఉంటుందా, మీ పేరు మీద ఉండాలా అన్నది సంతకానికి ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, అమెరికా నిర్మాణరంగంలో మరణాలకు అన్నింటికంటే పెద్ద కారణం ఎత్తు నుంచి పడిపోవడమే. నిచ్చెన పైకొస గోడకు ఆనే చోటి ఎత్తులో ప్రతి నాలుగు అడుగులకు, దాని పాదం గోడ నుంచి ఒక అడుగు దూరంగా ఉండాలన్నది ప్రాథమిక సూత్రం. మెత్తని పచ్చిక మీద, వాలు నేల మీద, తొందరలో ఉన్న పందొమ్మిదేళ్ల కుర్రాడు దీన్ని పాటిస్తున్నాడో లేదో చూడవలసింది మీరే, అదీ మీరు మరో వీధిలో ఎస్టిమేట్ ఇస్తున్న సమయంలో. ఇక 1978కి ముందు కట్టిన ఇళ్ల పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. అటువంటి ఇంట్లో బయట 20 చదరపు అడుగులకు మించి, లోపల ఒక గదిలో 6 చదరపు అడుగులకు మించి పాత రంగును కదిలించే పనికి పర్యావరణ రక్షణ సంస్థ నియమాల ప్రకారం ధ్రువీకరణ పొందిన సంస్థ, శిక్షణ పొందిన వ్యక్తి ఉండాలి. 2010 ఏప్రిల్ నుంచి ఈ నియమం అమలులో ఉంది. గోకిన పొడి ఆ ఇంటి పసిపిల్లల చేతులకు అంటుతుంది గనుక దీన్ని కేవలం కాగితాల వ్యవహారమని తేలికగా తీసుకోకూడదు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం ఫ్రాంచైజీ ఇచ్చే సంస్థ, మీరు సంతకం చేయడానికి గాని డబ్బు కట్టడానికి గాని కనీసం 14 రోజుల ముందు వెల్లడి పత్రం మీ చేతికివ్వాలి. అందులో 23 అంశాలుంటాయి. వాటిలో 19వది ఆదాయాల గురించి. దాన్ని నింపడం తప్పనిసరి కాదు గాని, అక్కడ రాయని ఆదాయపు అంకెలను నోటిమాటగా చెప్పి ఆశపెట్టడానికి వీల్లేదు. మీకు చెప్పిన 80,000 అక్కడ ఉందో లేదో చూడండి. 20వ అంశంలో ప్రస్తుత ఫ్రాంచైజీదారుల, ఈ మధ్య వదిలిపెట్టినవారి వివరాలుంటాయి. విద్యార్థుల ఫ్రాంచైజీలో ఏటా మనుషులు మారడం సహజమే కనుక, ఎంతమంది వెళ్లిపోయారన్న దానికంటే వేసవి పూర్తిచేశారా, చివరికి చేతికెంత మిగిలింది, గంటకు ఎంత పడింది అని వాళ్లను అడగడమే మేలు. సంస్థ పరిచయం చేసే విజేతలతో మాట్లాడితే సరిపోదు. ఇంకో మెలిక కూడా ఉంది. తొలి ఆరు నెలలలో కట్టవలసిన మొత్తం చాలా స్వల్పమైతే ఈ నియమం నుంచి మినహాయింపు దొరకవచ్చు. ‘ముందుగా రుసుము లేదు’ అన్నది విద్యార్థికి వరంలా వినిపిస్తుంది గాని, ఈ వెల్లడి పత్రం మీకు అందకపోవడానికి అదే కారణం కావచ్చు. పత్రం ఇచ్చినా, దాన్ని ప్రభుత్వం పరిశీలించి ఆమోదించిందని అనుకోకండి.

నా అభిప్రాయం అడిగితే, ఈ వేసవికి అటువంటి సంస్థలోనో, స్థానిక కాంట్రాక్టరు దగ్గరో గంట జీతానికి పనిచేసి, గోడను చూసి గంటలు చెప్పడం నేర్చుకోండి. వచ్చే ఏడాదికి కూడా ఆసక్తి నిలిస్తే అప్పుడు ఒప్పందాన్ని ఒక న్యాయవాదికి చూపించండి. చాలా విశ్వవిద్యాలయాలలో విద్యార్థులకు ఉచితంగా గాని తక్కువ రుసుముతో గాని న్యాయసలహా దొరుకుతుంది.

ప్రశ్న: నేను ఎఫ్-1 వీసా మీద చదువుతున్నాను. నా పేరు మీద కాకుండా ఇక్కడి పౌరుడైన స్నేహితుడి పేరు మీద ఫ్రాంచైజీ తీసుకుని ఇద్దరం నడుపుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: వద్దు. కాగితం మీద ఎవరి పేరున్నా, ఎస్టిమేట్లు ఇచ్చేది, పనివాళ్లను నడిపించేది మీరైతే అది అనుమతి లేని ఉద్యోగమే అవుతుంది. దానివల్ల మీ విద్యార్థి హోదాయే పోవచ్చు. ఒక వేసవి లాభం కోసం ఇన్నేళ్ల చదువును పణంగా పెట్టకండి. చదువు పూర్తయ్యాక వచ్చే ఓపీటీలో (చదివిన రంగంలో తాత్కాలికంగా పనిచేసే అనుమతిలో) సొంత వ్యాపారానికి వీలుంది గాని, అది మీరు చదివిన విషయానికి సంబంధించినదై ఉండాలి. ఏ నిర్ణయానికైనా ముందు మీ విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి మూడవ సంవత్సరం విద్యార్థి. మాకు చెప్పకుండా డిసెంబరులో ఇటువంటి ఒప్పందం మీద సంతకం చేశాడు. ఇప్పుడు సామగ్రి కోసం క్రెడిట్ తీసుకుంటానని, మమ్మల్ని కూడా సంతకం చేయమని, మా వ్యాను వాడుకోనిమ్మని అడుగుతున్నాడు. తరగతులకు సరిగా వెళ్లడం లేదని తెలిసి భయంగా ఉంది. కాదంటే బిడ్డ మనసు కష్టపెట్టినట్లవుతుందేమోనని సంకోచిస్తున్నాం.
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ముందుగా సంతకం సంగతి. సహసంతకం చేస్తే ఆ అప్పు మొత్తం మీదే అయినట్లు. చాలా రాష్ట్రాలలో అప్పిచ్చినవారు మీ అబ్బాయిని అడగకుండానే నేరుగా మీ దగ్గరకు రావచ్చు. పోయినా కుటుంబం తట్టుకోగలిగిన ఒక మొత్తాన్ని మీరే నిర్ణయించి, దాన్ని చేతికివ్వడం సహసంతకం కంటే ఎంతో మేలు. వ్యాను విషయంలో మీ బీమా కంపెనీకి ఫోన్ చేసి, నిచ్చెనలు, పనివాళ్లతో వ్యాపారానికి వాడితే పాలసీ వర్తిస్తుందా అని అడగండి. వ్యక్తిగత పాలసీలు చాలావరకు అటువంటి వాడకాన్ని మినహాయిస్తాయి. జవాబు వచ్చేవరకు తాళాలు ఇవ్వకండి.

తరువాత మీరూ మీ అబ్బాయీ కూర్చుని ఒప్పందాన్ని మొదటి పేజీ నుంచి చదవండి. మధ్యలో వదిలేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టమంటారా, వివాదం వస్తే ఏ ఊరిలో, కోర్టులోనా మధ్యవర్తి ముందా తేల్చుకోవాలి, రంగులు వేయించుకునే ఇంటివాళ్లు చెల్లించే సొమ్ము ముందుగా ఎవరి ఖాతాలోకి వెళుతుంది అన్నవి వెతకండి. వెల్లడి పత్రం ఇచ్చి ఉంటే ఒప్పందం రద్దు, వివాదాల నిబంధనలు 17వ అంశంలో ఒకచోట దొరుకుతాయి. మానుకోవాలనుకుంటే పని మొదలుపెట్టని మార్చి, ఏప్రిల్ నెలలలో మానుకోవడమే చవక. పనివాళ్లు చేరి, అడ్వాన్సులు తీసుకున్నాక ప్రతి వారమూ ఖరీదు పెరుగుతుంది. ఇప్పటికే అడ్వాన్సులు తీసుకుని ఉంటే వాటిని ముట్టుకోకుండా విడిగా ఉంచమనండి. ఇంటికి వెళ్లి కుదుర్చుకున్న పనిని వినియోగదారుడు మూడవ పనిదినం అర్ధరాత్రి లోపల రద్దు చేసుకోవచ్చని ఫెడరల్ నియమం చెబుతుంది. ఆ హక్కును తెలిపే పత్రాన్ని వినియోగదారులకు ఇస్తున్నాడా అని కూడా మీ అబ్బాయిని అడగండి.

కొనసాగించాలనే నిర్ణయిస్తే మరొక విషయం గుర్తుంచుకోవాలి. మీ అబ్బాయి ఫెడరల్ విద్యాసాయం పొందుతుంటే, నిర్ణీత మినహాయింపు పోగా మిగిలిన విద్యార్థి ఆదాయంలో 50 శాతాన్ని చదువుకు కట్టగలిగిన సొమ్ముగా లెక్కిస్తారు. రెండేళ్ల కిందటి ఆదాయాన్ని చూస్తారు గనుక, ఈ వేసవి లాభం ప్రభావం అతడు ఇంకా చదువులోనే ఉంటే తరువాత కనిపిస్తుంది. ఖర్చుల రసీదులన్నీ దాచకపోతే లేని లాభం కూడా ఉన్నట్లు లెక్కకు వస్తుంది.

కాదనడం వల్ల అతడి మనసు నొచ్చుకుంటుందన్న మీ భయం నాకు అర్థమైంది. సహసంతకం చేయలేమని చెబుతూనే, ప్రతి ఆదివారం అరగంట అతడి లెక్కల పుస్తకం ముందు కూర్చుంటామని చెప్పండి: ఒప్పుకున్న పనులు, అనుకున్న గంటలు, నిజంగా పట్టిన గంటలు, చెల్లించవలసిన జీతాలు. మొదటి మూడు ఇళ్లలోనూ పట్టిన గంటలు అంచనాను బాగా దాటితే, నాలుగో ఇంటికి అదే ధర చెప్పకుండా ఆపవలసింది అప్పుడే.