రైటింగ్ సెంటర్ తెరిచినాం, పిల్లలు రావట్లేదు

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను అనంతపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని. లైబ్రరీ పక్క రూములో రైటింగ్ సెంటర్ అని, పిల్లలు రాసుకునే వాటికి సాయం చేసే చోటు, మొదలుపెట్టినాం. సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా నేను, బాగా రాసే ఫైనలియర్ పిల్లలు కొందరు కూర్చుంటాం. మామూలు రోజుల్లో ఎవరూ రారు. సీఎస్‌పీ (కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఊర్లో సర్వే చేసి రాసేది) రిపోర్టు సబ్మిట్ చేసే ముందురోజు మాత్రం లైను కడతారు, అది కూడా "మేడమ్ గ్రామర్ కరెక్ట్ చేసియ్యండి" అని పేపర్లు చేతిలో పెట్టి బయట నిలబడతారు. ప్రిన్సిపాల్ సారేమో నెలకి ఎంతమంది వచ్చినారో రిజిస్టర్ చూపించమంటారు. దీన్ని ఎట్లా బాగుచెయ్యాలి?

జవాబు: ముందు ఆ టైము మార్చండి మేడమ్. నాలుగింటికి మీ పిల్లల్లో సగం మంది బస్టాండ్ దారిలో ఉంటారు. పల్లెల నుంచి వచ్చే పిల్లలకి ఆ బస్సు పోతే మళ్ళీ ఎప్పుడో, అందులోనూ ఆడపిల్లలైతే ఇంట్లో ఫోన్ల మీద ఫోన్లు. అంటే మీ సెంటర్ అవసరం ఎవరికి ఎక్కువో వాళ్ళకే అది అందట్లేదు. మధ్యాహ్నం లంచ్ తర్వాత ఒక అరగంట, పొద్దున లీజర్ పీరియడ్ల్లో ఒకటి, హాస్టల్ పిల్లలకి సాయంత్రం ఒకటి, ఇట్లా పెట్టి చూడండి.

ఇంగ అసలు విషయం. కలం పిల్లోడి చేతిలోనే ఉండాలి. పేపరు మీరు తీసుకుని, ఎర్రపెన్నుతో దిద్ది, తిరిగి ఇచ్చేస్తే ఆ రిపోర్టు బాగుపడుతుంది గానీ ఆ పిల్లోడు వచ్చేసారి మళ్ళీ అదే తప్పుతో వస్తాడు. అమెరికాలో స్టీఫెన్ నార్త్ అనే ప్రొఫెసర్ 1984లోనే ఈ మాట గట్టిగా చెప్పినాడు, రైటింగ్ సెంటర్ పని రాతను బాగుచెయ్యడం కాదు, రాసేవాళ్ళని బాగుచెయ్యడం అని. అక్కడి సెంటర్లకి కూడా ఇదే గొడవ, లెక్చరర్లు "పోయి గ్రామర్ దిద్దించుకో పో" అని పంపించేవాళ్ళు.

ఎట్లా అంటే, ఒక పిల్లోడు సీఎస్‌పీ రిపోర్టు తెచ్చినాడు అనుకోండి, ఊర్లో తాగునీళ్ళ మీద. మొదటి పేజీ నిండా నీళ్ళు మనిషికి ఎంత ముఖ్యమో, భూమ్మీద నీళ్ళు ఎంత శాతమో, ఎక్కడో ఎత్తి రాసింది. దాంట్లో గ్రామర్ వెతికితే రెండు గంటలు పడుతుంది, ఒక్క వాక్యం కూడా వాడిది కాదు. పేపరు మూసేసి "నువ్వు ఊర్లో ఏం చూసినావు నాయనా, తెలుగులోనే చెప్పు" అని అడగండి. అప్పుడు చెప్తాడు, బోరు ఎండిపోయింది మేడమ్, ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తాది, ఆడోళ్ళు తెల్లారకముందే బిందెలు వరసలో పెట్టి పోతారు, ఎస్సీ కాలనీకి వచ్చేసరికి ట్యాంకరు ఖాళీ అయిపోతాది. అదీ రిపోర్టు అంటే! ఆ నాలుగు మాటలూ వాడి చేతనే కాగితం మీద పెట్టించండి, ముందు తెలుగులో, తర్వాత వచ్చిన ఇంగ్లీషులో. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ మొత్తం ఇంగ్లీష్ మీడియం అయింది కదా, ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లలు ఇంగ్లీషులో ఆలోచించాలని చూసి, మాట రాక, చివరికి కాపీ కొడతారు. తెలుగులో మాట్లాడనిస్తే సగం భయం పోతుంది, మిగతా సగం నెమ్మదిగా పోతుంది.

తప్పులు అసలు చూడొద్దు అనట్లేదు. ముందు చెప్పదల్చుకున్నది ఏంది, తర్వాత ఏది ముందు ఏది వెనక, చివర్లో గ్రామర్. ఆ గ్రామర్లో కూడా అన్నీ కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక్క తప్పు పట్టుకోండి. మన పిల్లలకి ఎక్కువ వచ్చేవి ఐ యామ్ హావింగ్, డిస్కస్ అబౌట్ లాంటివి, ఇంకా పోయిన నెల చేసిన సర్వే గురించి రాస్తూ పేరా మధ్యలో ప్రెజెంట్ టెన్స్‌లోకి దూకడం. వాణ్ణే గట్టిగా చదవమనండి, చదువుతుంటే శానా తప్పులు వాడి చెవికే తగుల్తాయి.

ముందురోజు రద్దీకి మందు ముందే వెయ్యాలి. సీఎస్‌పీ 180 గంటల పని, రోజూ లాగ్‌బుక్ రాయాలి కదా, మరి రిపోర్టు ఒక్క రాత్రిలో ఎందుకు? గైడ్ లెక్చరర్లతో మాట్లాడి, సర్వే అయిపోయిన వారంలోనే లాగ్‌బుక్ తీసుకుని ఒకసారి, మొదటి డ్రాఫ్ట్‌తో ఒకసారి సెంటర్‌కి రావాలని పెట్టించండి. ఆఖరి రోజు వచ్చిన వాళ్ళని తిట్టి పంపొద్దు పాపం, ఒక పేజీ మాత్రం కలిసి చూసి మిగతాది అట్లాగే నువ్వే చూసుకో అని చెప్పండి.

రిజిస్టర్‌లో పేరు, సంతకంతో పాటు మూడు ముక్కలు రాయించండి, ఏం తెచ్చినారు, ఏం మార్చుకున్నారు, మళ్ళీ ఎప్పుడొస్తారు. మళ్ళీ వచ్చినోళ్ళు ఎందరు అన్నదే మీ సారుకి చూపించాల్సిన లెక్క, ఒక్కసారి వచ్చి పోయినోళ్ళ లెక్కతో ఏమీ తెలీదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఏ పిల్లోడు ఏ తప్పు చేసినాడో స్టాఫ్‌రూములో చర్చకి రాకూడదు. ఒక్కసారి అట్లాంటి మాట బయటికి పొక్కితే అది డల్ పిల్లలు పోయే రూము అని ముద్ర పడుతుంది, ఆ ముద్ర చెరపడం మహా కష్టం. క్లాసులో ఫస్టొచ్చే పిల్లల్ని కూడా వాళ్ళ సెమినార్ పేపరుతో రమ్మనండి. వీలైతే మీరు రాస్తున్న వ్యాసమే ఒక రోజు అందరి ముందూ పెట్టండి మేడమ్, లెక్చరర్ రాత కూడా మొదటి డ్రాఫ్ట్‌లో అంత బాగుండదని పిల్లలు కళ్ళారా చూస్తే శానా ధైర్యం వస్తుంది.

ప్రశ్న: అక్కా, నేను కడపలో బీఏ ఫైనలియర్. మా కాలేజీ సెంటర్‌లో ట్యూటర్ని. కొందరు చాట్‌జీపీటీలో రాయించుకుని తెస్తున్నారు, తప్పే ఉండదు, నేను ఏం చెప్పాలో అర్థం కాదు. దిద్దడానికి ఏమీ లేనప్పుడు నేనెందుకు అనిపిస్తుంది.

జవాబు: దిద్దడమే నీ పని అనుకుంటే అట్లాగే అనిపిస్తుందమ్మా. మీ కడపలోనే 1820ల్లో సి.పి.బ్రౌన్ బంగళా కొని, సొంత డబ్బులతో పండితుల్ని పెట్టి, పాత కావ్యాల రాతప్రతులు పోల్చి దిద్దించినాడు. ఆ కవులు ఎప్పుడో పోయినారు, అడగడానికి మనిషి లేడు, కాబట్టి ఆ పండితులే తేల్చుకోవాల్సి వచ్చింది. నీ ఎదురుగా రాసిన మనిషే కూర్చుని ఉంది కదా, అడుగు. ఒక పేరా చూపించి "ఇది నీ మాటల్లో నాకు చెప్పు" అను. చెప్పగలిగితే ఆ చెప్పిందే రాసుకోమను, చెప్పలేకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టండి. దొంగని పట్టినట్టు మాత్రం మాట్లాడొద్దు, రేపటి నుంచి ఎవరూ నీ దగ్గరికి రారు. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ ఇదే పేరా అడిగితే ఏం చెప్తావు అని ఒక్క మాట అంటే చాలు, వాళ్ళకే అర్థమవుతుంది. ఇంకా, మీ ట్యూటర్లు ఒకరి సెషన్‌లో ఒకరు పక్కన కూర్చుని చూడండి, ఎవరు ఎక్కువ మాట్లాడినారో గమనించండి, ట్యూటరే ఎక్కువ మాట్లాడి ఉంటే ఆ సెషన్ పక్కదారి పట్టినట్టే.

ప్రశ్న: మాది కర్నూలు. నేను తెలుగులో గ్రూప్-1 మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. కాలేజీ రైటింగ్ సెంటర్‌కి తెలుగు వ్యాసం తీసుకుపోతే ఇంగ్లీషు మాత్రమే అన్నారు.

జవాబు: అట్లా అనడం సరి కాదు. గ్రూప్-1 మెయిన్స్ తెలుగులోనూ రాయొచ్చు, మరి తెలుగు వ్యాసానికి మాత్రం చూసేవాళ్ళు వద్దా? మీ తెలుగు లెక్చరర్‌ని కలిసి వారానికి ఒక పీరియడ్ సెంటర్‌లో కూర్చోమని అడగండి, మీలాగా ప్రిపేర్ అయ్యేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే ప్రిన్సిపాల్ కూడా కాదనరు. పోయేటప్పుడు ఇంట్లో తీరిగ్గా రాసింది కాకుండా, గడియారం పెట్టుకుని రాసిన వ్యాసమే తీసుకుపోండి.