నిద్రపోయే వైరస్ మీద పరిశోధన అంటోంది మా అమ్మాయి, భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం. కిడ్నీ, లివర్ మార్పిడి చేయించుకున్నవాళ్ల రక్తకణాల్లో వైరస్ ఎలా దాక్కుని ఉంటుందో, దాని మీదే పని చేస్తానంటోంది. ఇంత చిన్న టాపిక్‌తో ఉద్యోగం వస్తుందా? వైరాలజీలో చేర్చాలా, ఇమ్యునాలజీలోనా?

జవాబు: చిన్న టాపిక్ అని ఎవరన్నారండీ! ఆమె చెబుతున్నది ఎప్‌స్టీన్-బార్ వైరస్ గురించే అయ్యుంటుంది. 1964లో బయటపడిన ఈ వైరస్ ప్రపంచంలోని పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా మందిలో ఉంది, ఒకసారి ఒంట్లో చేరితే జీవితాంతం పోదు. మెమరీ బీ కణాల్లో, అంటే పాత ఇన్ఫెక్షన్లను గుర్తుపెట్టుకునే తెల్లరక్తకణాల్లో, గుండ్రటి డీఎన్ఏగా ఉండిపోతుంది, దాదాపు ఏ ప్రోటీనూ తయారు చేయదు, కాబట్టి వైరస్ సోకిన కణాలను వెతికి చంపే మన టీ కణాలకు దాని ఆనవాలే దొరకదు. కణం రెండుగా చీలేటప్పుడు మాత్రం ఈబీఎన్ఏ1 అనే ప్రోటీన్ బయటికొచ్చి వైరస్ డీఎన్ఏని మన క్రోమోజోమ్‌కి అంటిపెడుతుంది, అలా రెండు కొత్త కణాలకీ వైరస్ అందుతుంది.

అవయవ మార్పిడి తర్వాత టాక్రోలిమస్ లాంటి మందులతో టీ కణాలను అణచిపెడతారు, అప్పుడు రక్తంలో వైరస్ లోడు, అంటే వైరస్ మోతాదు, పెరుగుతుంది. పెరిగేది ఏమిటన్నదే అసలు ప్రశ్న. కాపలా లేదు కాబట్టి వైరస్ ఉన్న కణాలు విచ్చలవిడిగా విభజన చెందుతూ రక్తంలో తిరుగుతుంటాయి అనుకుంటాం కదా, కానీ 1999లో బోస్టన్‌లోని టఫ్ట్స్ యూనివర్సిటీలో డేవిడ్ థార్లీ-లాసన్ బృందం చూస్తే రక్తంలో పోగుపడుతున్నవి విభజన చెందే కణాలు కావు, ఊరికే విశ్రాంతిగా ఉన్న మెమరీ బీ కణాలే. గాన్‌సైక్లోవిర్ ఇచ్చినా వీటిని ఏమీ చేయలేదు, ఎందుకంటే ఆ మందు పనిచేయాలంటే వైరస్ మేల్కొన్నప్పుడు తయారు చేసే ఎంజైమ్ కావాలి. కొందరిలో ఇదే వైరస్ లింఫోమా అనే క్యాన్సర్‌కి దారి తీస్తుంది, అందుకే డాక్టర్లు లోడు మీద కన్నేసి ఉంచుతారు.

ఇక చదువు సంగతి. రెండింట్లో ఒకటే అంటే నా ఓటు ఇమ్యునాలజీకి. ఇక్కడ వైరస్ నోరు మూసుకుని ఉంటుంది, కథ నడిపేదంతా బీ కణాలు, టీ కణాలే. అయినా డిపార్ట్‌మెంట్ పేరు కన్నా ల్యాబ్ ముఖ్యం. కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి రకాలుగా గుర్తించే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం మీద విద్యార్థుల్ని కూర్చోనిస్తారా, మార్పిడి ఆపరేషన్లు చేసే ఆసుపత్రి నుంచి రక్త నమూనాలు వస్తాయా అని అడగమనండి. నమూనాలు రాకపోతే ఎమ్మెస్సీ రెండేళ్లూ సెల్ లైన్లతోనే, అంటే ల్యాబులో పెంచే కణాలతోనే, గడిచిపోతాయి, ఈ ప్రశ్న జోలికి వెళ్లడమే కుదరదు.

లెక్కలు వదిలేసుకోవద్దని కూడా చెప్పండి, మైక్రోబయాలజీ పిల్లలు చాలామంది జారేది ఇక్కడే. వైరస్ ఉన్న కణాలు ఎన్నో తెలియాలంటే బీ కణాలను వేరు చేసి, పలచన చేసుకుంటూ ప్లేటు గుంటల్లో పోసి, ఒక్కో గుంటకీ పీసీఆర్ చేస్తారు. సుమారు 37 శాతం గుంటల్లో వైరస్ కనపడలేదంటే సగటున గుంటకి వైరస్ ఉన్న బీ కణం ఒకటి ఉన్నట్టు. ఆ 37 ఎక్కణ్ణుంచి వచ్చిందో మీ అమ్మాయిని అడిగి చూడండి. పాయిసన్ లెక్క అని చెప్పిందంటే మీరు నిశ్చింతగా ఉండొచ్చు, చెప్పలేకపోతే ఈ సెలవుల్లో స్టాటిస్టిక్స్ పుస్తకం పట్టుకోమనండి.

ఉద్యోగం అంటారా, పీహెచ్‌డీ దారి పొడుగే, దాచేదేం లేదు. ఎమ్మెస్సీతో ఆగినా వైరల్ లోడు పరీక్షల ల్యాబులు, ఫ్లో సైటోమెట్రీ, క్లినికల్ ట్రయల్స్ ఉన్నాయి. ఈ వైరస్ లింఫోమాకి దాతల టీ కణాలతో చేసిన టాబెలెక్ల్యూసెల్ అనే చికిత్సకు 2022లో యూరప్‌లో అనుమతి వచ్చింది, అలాంటివి తయారు చేసేచోట కూడా కావలసింది ఈ పనులు వచ్చినవాళ్లే. రేపు టాపిక్ మారినా ఇబ్బంది లేదు, సైటోమెగలో వైరస్ ఎముక మజ్జ కణాల్లో దాక్కుంటుంది, దాన్ని వెతకడానికీ దాదాపు ఇవే పద్ధతులు.

వైరస్‌తో పని అని మీకు టెన్షన్ ఉంటే, ఈ పని బయోసేఫ్టీ లెవెల్ 2లో చేస్తారు, అంటే రక్తపరీక్షల ల్యాబులో తీసుకునే లాంటి జాగ్రత్తలే. ముందు నచ్చిన రెండు మూడు ల్యాబులకు మెయిల్ పెట్టి నమూనాల సంగతి కనుక్కోమనండి, అప్లికేషన్ ఫీజు ఆ తర్వాత కట్టండి.