కొరికితే గాజులా విరిగే బార్లీకి మందు కొట్టనక్కరలేదు

ప్రశ్న: రెండెకరాల నల్లరేగడిలో బార్లీ వేశాను. పైరు ఈనేటప్పుడు దుకాణదారు సలహాతో ఎకరాకు బస్తా యూరియా అదనంగా చల్లాను. గింజ కొరికితే గాజులా విరుగుతోంది. మాల్టుకు (గింజను నానబెట్టి, మొలకెత్తించి ఆరబెట్టేది; బీరు వంటి వాటికి వాడతారు) కొనేవారు వద్దన్నారు. ఇది తెగులనీ, వచ్చే యాసంగిలో రెండుసార్లు మందు కొట్టాలనీ దుకాణదారు అంటున్నారు. ఏ మందు, ఎంత మోతాదు?
— ఒక రైతు, జహీరాబాద్

జవాబు: మీరు చెప్పిన లక్షణం తెగులుది కాదు, ఈనిక దశలో వేసిన ఆ యూరియాది. యాభై గింజలను బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి; లోపల పిండిలా తెల్లగా ఉండాల్సింది గాజులా మసకగా కనిపిస్తే, పిండిరేణువుల చుట్టూ మాంసకృత్తులు బిగుసుకుపోయాయని అర్థం. నానబెట్టినప్పుడు అటువంటి గింజలోకి నీరు నెమ్మదిగా చేరుతుంది. మొలక సంకేతం అందుకుని పైపొర విడుదల చేసే ఎంజైములు లోపలి కణాల గోడలను, అంటే బీటా గ్లూకాన్‌ను, పూర్తిగా కరిగించలేవు. చివరకు మాల్టు రసం చిక్కబడి వడకట్టడానికి లొంగదు. అందుకే కొనేవారు మాంసకృత్తులు 9 నుంచి 11.5 శాతం మధ్య ఉన్న, 2.5 మి.మీ. జల్లెడపై నిలిచే లావు గింజనే కోరతారు. గింజ పాలుపోసుకునే వేళ ఎండ ముదిరితే పిండి తక్కువ చేరి ఇదే దోషం పెరుగుతుంది కనుక, మన ప్రాంతంలో నవంబరు మొదటి పక్షం దాటాక విత్తడం మంచిది కాదు.

భూసార పరీక్ష లేకుండా ఎరువు నిర్ణయించవద్దని ఎన్నిసార్లు చెప్పినా, బస్తాలు అమ్ముకునేవారి మాటే చెల్లుబాటవుతోంది. పరీక్షలో నత్రజని మధ్యస్థంగా ఉంటే ఎకరాకు మొత్తం 24 కిలోల నత్రజని, అంటే సుమారు 52 కిలోల యూరియా, మించకూడదు. 50 కిలోల డీఏపీ వేసినట్లయితే అందులోనే 9 కిలోల నత్రజని ఉంటుంది గనుక యూరియాను 20 కిలోలు తగ్గించండి. మొత్తం నత్రజనిలో సగం విత్తేటప్పుడు, మిగతా సగం 30–35 రోజులకు మొదటి తడితో ఇవ్వాలి. ఆ తర్వాత ఒక్క గుప్పెడు కూడా వద్దు.

నూర్పిడి యంత్రం వేగం తగ్గించండి. పొట్టు ఊడినా, పిండం చితికినా గింజ సరిగా మొలవదు. తేమ 12 శాతానికి దిగేదాకా ఎండబెట్టి, నాలుగైదు వారాలు గడిచాక (తాజా గింజకు నిద్రావస్థ ఉంటుంది) తడిగుడ్డలో 100 గింజలు ఉంచితే మూడు రోజుల్లో కనీసం 95 మొలవాలి.

ఈ ఏటి సరుకును దాణాకు అమ్మండి. అధిక మాంసకృత్తులు పశువులకు మేలే.
— వ్యవసాయ శాస్త్రవేత్త, రాజేంద్రనగర్, హైదరాబాద్