వంద కిలోమీటర్లు పరిగెత్తినా బరువు పెరిగిందేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి. వయసు 36, బరువు 66 కిలోలు. పోయిన ఆదివారం స్నేహితులతో కలిసి 100 కిలోమీటర్లు పరిగెత్తాను. ఎండకు భయపడి, దాహం లేకపోయినా ప్రతి మజిలీలో నీళ్లు తాగుతూనే ఉన్నాను. మర్నాటికి కిలోన్నర బరువు పెరిగింది. చెప్పులు పట్టనంతగా రెండు పాదాలూ వాచాయి. జిమ్‌లో మిషనేమో కండ పెరిగిందంటోంది. కొవ్వు కరగలేదా? కిడ్నీలకేమైనా అయిందా?

జవాబు: ఒక్కరోజులో కండ పెరగదండీ. ఆ మిషన్ ఒంట్లోకి సన్నని కరెంటు పంపి లెక్క కడుతుంది. వాపులో ఉన్న నీటిని కూడా కండ కింద జమ వేసేస్తుంది. పరుగు తర్వాత వారం దాకా దాని జోలికి పోకండి.

కొవ్వు కరిగింది, కాకపోతే మీరనుకున్నంత కాదు. మీ బరువుకు కిలోమీటరుకు 66 కేలరీల చొప్పున 6,600 ఖర్చయి ఉంటాయి. అదంతా కొవ్వు నుంచే వచ్చిందనుకున్నా 850 గ్రాములు. మధ్యలో తిన్నదీ, కండల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కూడా ఖర్చవుతాయి కాబట్టి అంత కూడా ఉండదు. పెరిగిందంతా నీరే. గంటల తరబడి శ్రమపడితే ఏడీహెచ్, ఆల్డోస్టెరాన్ హార్మోన్లు పెరిగి, కిడ్నీలు నీటినీ ఉప్పునీ పట్టి ఉంచుతాయి. దెబ్బతిన్న కండలూ వాస్తాయి. సాధారణంగా నాలుగైదు రోజుల్లో ఈ నీరు మూత్రంలో పోతుంది.

నాకు టెన్షన్ పెట్టింది మీ వాపు కాదు, దాహం లేకుండా తాగిన నీళ్లు. చెమటలో ఉప్పు పోతుంటే ఇలా నీళ్లు పోస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం తక్కువగా తేలింది. వాళ్లలో ఎక్కువగా ఉన్నది పరుగులో బరువు పెరిగినవాళ్లే. సోడియం పడిపోతే తలనొప్పి, వాంతులు, తికమక మాటలు, ఆపైన ఫిట్స్. మన వైపు ఇలాంటి మనిషిని చూడగానే ఇంకో చెంబు నీళ్లు పట్టించి, సెలైన్ ఎక్కించేస్తారు. ముందు సోడియం పరీక్ష చేయాలి. బాగా పడిపోతే ఇవ్వాల్సింది మామూలు సెలైన్ కాదు, ఉప్పు ఎక్కువున్న 3 శాతం సెలైన్. కాబట్టి నేరుగా పెద్దాసుపత్రికే తీసుకెళ్లాలి.

ఈసారి దాహమైనప్పుడే తాగండి. ఉప్పు వేసిన చోడి అంబలి మంచిదే గానీ, అతిగా తాగిన నీటికి అది విరుగుడు కాదు. ముందూ మధ్యలో బరువు చూసుకోండి. కిలో, కిలోన్నర తగ్గితే కంగారొద్దు. పెరిగితే మాత్రం నీళ్లు ఆపండి. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ మింగొద్దు, అది కిడ్నీలకు చేటు.

ఇప్పటికి కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకోండి. మూత్రం డికాషన్ రంగులో వచ్చినా, బాగా తగ్గినా ఆ రోజే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరుకు), సీపీకే (కండలు దెబ్బతిన్నాయేమో చూడటానికి) రక్తపరీక్షలు చేయించండి. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెడుతున్నా, ఆయాసం ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.